ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి ఏది మేలు: ఢీకొనే జంటలా, కుప్పకూలే తారా?

ఐన్‌స్టీన్‌తో పోటీపడే గురుత్వ సిద్ధాంతాల నిగ్గు తేల్చాలంటే ఏ గురుత్వ తరంగాల (భారీ వస్తువుల కదలికతో స్థలకాలంలో పుట్టే అలల) మీద ఆశ పెట్టుకోవాలి? పాఠకులు తరచూ అడుగుతున్నారు.

ఇప్పటికైతే ఢీకొనే న్యూట్రాన్ తారల (పెద్ద తార కూలాక మిగిలే అతి సాంద్రమైన గర్భాల) జంటదే పైచేయి. 2017 ఆగస్టు 17న సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి తరంగం వచ్చింది, 1.7 సెకన్ల తర్వాత గామా కిరణాలు అందాయి. అంటే రెండింటి వేగమూ దాదాపు ఒకటే. తేడా ఉన్నా వెయ్యి లక్షల కోట్లలో కొన్ని వంతులకు మించదు. విశ్వ విస్తరణను వేగవంతం చేస్తోందని భావించే కృష్ణ శక్తికి బదులుగా ప్రతిపాదించిన ఎన్నో సిద్ధాంతాలు ఆ ఒక్క కొలతతో పక్కకు తప్పుకున్నాయి.

కృష్ణబిలాల జంటలు ఎక్కువగా దొరుకుతాయి, సంకేతమూ శుభ్రంగా ఉంటుంది. కానీ గురుత్వానికి అదిశ క్షేత్రాన్ని (ప్రతి చోటా దిశ లేకుండా ఒక విలువ మాత్రమే ఉండే క్షేత్రాన్ని) జోడించే చాలా సిద్ధాంతాల్లో కృష్ణబిలం ఐన్‌స్టీన్ చెప్పినట్టే ఉంటుంది. తేడాయే లేనిచోట దేన్ని కొలుస్తాం? పల్సర్లు, అంటే క్రమంగా స్పందనలు పంపే తిరిగే న్యూట్రాన్ తారలు, నమ్మకమైనవే, అయితే అవి చాలాకాలంగా స్థిరపడ్డ వస్తువులు, క్షేత్రం ఒక్కసారిగా మారే క్షణం వాటిలో దొరకదు.

నా దృష్టిలో అసలు విషయం ఇది: తార గర్భం అచ్చంగా గోళాకారంలోనే కూలితే, ఐన్‌స్టీన్ లెక్కలో వెలువడే తరంగం సున్నా. అదిశ క్షేత్రం ఉంటే మాత్రం గర్భం న్యూట్రాన్ తారగా బిగుసుకునే క్షణంలో ఆ క్షేత్రం ఒక్కసారిగా ఎగసి, కొలిమితిత్తిలా అన్ని వైపులా సమానంగా ఉబ్బి తగ్గే తరంగం పుడుతుంది. నిజమైన తారలు అంత గుండ్రంగా కూలవు, మామూలు తరంగాలూ వస్తాయి. కానీ ఈ ఉబ్బే రకం ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో అసలు లేదు. కనిపిస్తే చాలు, తీర్పు వచ్చినట్టే.

ఇంతవరకు కూలే తార నుంచి ఒక్క తరంగమూ దొరకలేదన్నది నిజం. మన పాలపుంతలో ఇలాంటివి శతాబ్దానికి ఒకటో రెండో. అయినా క్షేత్రానికి ద్రవ్యరాశి ఉంటే కథ మారుతుంది. దాని ప్రభావం కొద్ది దూరానికే పరిమితమవుతుంది కాబట్టి ఐన్‌స్టీన్ లెక్క నుంచి ఎంత తేడా ఉండవచ్చో కసీని అంతరిక్ష నౌక కొలతలు 2003లో విధించిన కఠిన పరిమితి దానికి వర్తించదు. పైగా తక్కువ పౌనఃపున్యాలు నెమ్మదిగా ప్రయాణించి సంకేతం ఏళ్ల తరబడి సాగుతుంది. 1987లో మన పొరుగు పాలపుంత అయిన పెద్ద మెగెల్లాన్ మేఘంలో పేలిన తార వైపు నేడు చెవి ఒగ్గినా ఫలితం ఉండవచ్చు. అందుకే నా మొగ్గు దీనివైపే.

అయితే ఆ ఉబ్బే తరంగాన్ని మిగతావాటి నుంచి వేరుచేయాలంటే వేర్వేరు దిశల్లో అమర్చిన పరికరాలు కావాలి. అమెరికాలోని రెండు లైగోలూ (గురుత్వ తరంగాలను పట్టే పరికరాలు) దాదాపు ఒకే దిశలో అమర్చి ఉన్నాయి. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాకు మంజూరైన లైగో-ఇండియా త్వరగా పూర్తికావాలని నేను కోరుకునేది అందుకే.