మూడుసార్లు వెళ్లినా తాబేలు అమ్మని షాపు

మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ ఉత్త చేతులతోనే పంపించాడు. అయినా శ్రీకాకుళంలో ఈ తాబేళ్లు, ఇగువానాలు (పెద్ద బల్లుల్లాంటివి), రంగురంగుల పక్షులు అమ్మే షాపుల్లో ఏది నయం అని అడిగితే నేను ఆ షాపే చెప్తాను. పేరు రాయొద్దని ఓనరే అన్నాడు. "రీల్స్ చూసి వచ్చీవోళ్లతోటే సరిపోతంది మాస్టారూ, మీరు కూడా రాసీకండి" అని నవ్వేశాడు. కాబట్టి ఏడు రోడ్ల జంక్షన్ నుంచి నడిచి వెళ్లేంత దూరం, మేడ మెట్లు ఎక్కాలి, అంతవరకే చెప్తాను. కావాల్సినవాళ్లు కనుక్కుంటారు.

ముందు నా పాత కథ. రెండేళ్ల కిందట వేరే ఊళ్లో, వేరే షాపులో మా అమ్మాయికి ఒక బుల్లి తాబేలు కొన్నాను. రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు, కళ్ల వెనక రెండు పక్కలా ఎర్ర గీత ఉంటుంది. పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది, అంతే. అమ్మినాయన ఒక ప్లాస్టిక్ డబ్బా, అందులో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు, ఒక సీసాడు ఎండు రొయ్యలు చేతిలో పెట్టి "ఇంతకంటే పెరగదండి, వారానికోసారి నీళ్లు మారిస్తే చాలు" అన్నాడు. నమ్మేశాం. మా అమ్మ సంబరం అయితే చెప్పక్కర్లేదు, మాది శ్రీకూర్మం పక్క ఊరు, కూర్మనాథుడి గుడిలో నక్షత్ర తాబేళ్లని చూస్తూ పెరిగిన మనిషి, సాక్షాత్తూ దేవుడే ఇంటికొచ్చినట్టు ఆ డబ్బా పక్కన పసుపు, కుంకుమ పెట్టింది.

మూడు నెలలకి దాని కళ్లు వాచి మూసుకుపోయాయి. తిండి మానేసింది. చేతిలోకి తీసుకుని చూస్తే, గట్టిగా ఉండాల్సిన చిప్ప వేలు పెడితే లోపలికి దిగుతోంది, వానలో తడిసిన అట్టపెట్టెలాగా. ఆ మెత్తదనం ఇప్పటికీ నా వేలికి గుర్తుంది. షాపుకి ఫోన్ చేస్తే అటునుంచి వచ్చిన సమాధానం, "పోతే పోయిందిలెండి, ఇంకోటి సగం రేటుకి ఇస్తాను." మా అమ్మాయి పక్కనే నిలబడి వింటోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

అందుకే ఈసారి శ్రీకాకుళం షాపుకి వెళ్లినప్పుడు కొంచెం అనుమానంగానే వెళ్లాను. మెట్లెక్కగానే నేను గమనించింది వాసన. అంటే వాసన లేకపోవడం. ఇలాంటి షాపుల్లోకి అడుగు పెడితే ముక్కు మూసుకోవాల్సి వస్తుంది కదా, ఇక్కడ కాస్త తడి, కాస్త ఫినాయిల్, అంతే. వెంకటేశ్వరస్వామి పటం పక్కనే పెట్ షాపు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి పెట్టాడు. 2018లో వచ్చిన పెట్ షాపు రూల్స్ ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేయించుకోకుండా షాపు నడపకూడదు. గోడ మీద ఆ కాగితం ఉందో లేదో చూడండి. లేకపోతే అడగండి, అడిగితే మొహం ఎలా పెడతాడో చూడండి.

తాబేలు కావాలన్నాను. రేటు చెప్పలేదు. ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ట్యాంకు ఉందా మాస్టారూ?"

"కొంటాను, రెండడుగులది."

"ఇది పెద్దదైతే ఎంతవుద్దో తెలుసా?" అని రెండు చేతులూ అన్నం పళ్లెం అంత ఎడం పెట్టి చూపించాడు. ఆడది అయితే చిప్పే పది, పన్నెండు అంగుళాలు పెరుగుతుందట. చిప్ప పొడవు అంగుళానికి సుమారు 40 లీటర్ల నీళ్లు లెక్క వేసుకోమన్నాడు. పది అంగుళాలకి 400 లీటర్లు, అంటే మా మేడ మీది నీళ్ల ట్యాంకులో సగానికి కాస్త తక్కువ. "ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుద్ది. మీ పాప పెళ్లయి అత్తారింటికి వెళ్లిపోయినా ఇది మీ ఇంట్లోనే ఉంటాది" అన్నాడు. ఆలోచించుకుని రమ్మన్నాడు. నేను పర్సు తీసి నిలబడ్డాను, ఆయనేమో అవతల చేపల ట్యాంకు దగ్గరికి వెళ్లిపోయాడు.

రెండోసారి మా అమ్మాయిని తీసుకెళ్లాను, పిల్లని చూస్తే కరుగుతాడని. కరగలేదు సరికదా, "ఇంట్లో ఐదేళ్ల లోపు గుంటలు ఉన్నారా?" అని అడిగాడు. మా చెల్లి కొడుకు ఉన్నాడు, మూడేళ్లు, కనపడినదల్లా నోట్లో పెట్టుకునే రకం. తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉంటుంది, తాబేలు బాగానే ఉంటుంది కానీ మనకి విరేచనాలు, జ్వరం పట్టుకుంటాయి, చిన్నపిల్లలకీ ముసలివాళ్లకీ అది గట్టిగానే తగలొచ్చు. నేను తర్వాత చదివాను, ఇందుకనే అమెరికాలో 1975 నుంచి నాలుగు అంగుళాల లోపు తాబేళ్లని పెంపకానికి అమ్మడం నిషేధమట. మనకి మొదటి షాపులో అంటగట్టింది సరిగ్గా ఆ సైజే. ఈయన మా అమ్మాయిని కూర్చోబెట్టి ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలని, ట్యాంకు నీళ్లు వంటింటి సింకులో పొయ్యకూడదని చెప్పాడు. స్కూల్లో పాఠం అయితే ఆవలిస్తుంది, ఇక్కడ నోరు తెరుచుకుని వింది.

ఆ రోజే లైట్లు చూశాను. నా దృష్టిలో ఆ షాపు గొప్పంతా అక్కడ ఉంది. సరీసృపాలు ఉన్న ప్రతి ట్యాంకు మీదా ఒక యూవీబీ ట్యూబు (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు ఇచ్చే లైటు), ప్రతి ట్యూబు చివరా తెల్ల టేపు, టేపు మీద మార్కరుతో తారీఖు. ఎందుకు తమ్ముడూ అంటే, ట్యూబు వెలుగుతూనే ఉంటుంది గానీ అందులోంచి వచ్చే యూవీబీ ఆరు నెలల నుంచి ఏడాదిలోపు బాగా తగ్గిపోతుందట, మన కంటికి తేడా తెలీదు, తాబేలు ఎముకలకి తెలుస్తుంది. యూవీబీ లేకపోతే ఒంట్లో డీ విటమిన్ తయారవదు, అది లేకపోతే కాల్షియం ఎంత పెట్టినా వంటబట్టదు, చిప్ప మెత్తబడుతుంది. నా వేలికి గుర్తున్న మెత్తదనం అదే. కళ్ల వాపు కూడా ఉట్టి ఎండు రొయ్యలు పెట్టబట్టేనట, విటమిన్ 'ఎ' తక్కువై అలా జరుగుతుంది అన్నాడు. "కిటికీ పక్కన పెడితే ఎండ తగలదా?" అన్నాను తెలివిగా. అద్దం యూవీబీని ఆపేస్తుందన్నాడు. కిటికీ అద్దం, ట్యాంకు అద్దం, రెండూ. ఇంకో సంగతి, మార్కెట్లో రెప్టైల్ లైటు అని అమ్మేవాటిలో కొన్ని వేడి మాత్రమే ఇస్తాయి, డబ్బా మీద చదివి కొనుక్కోవాలి.

మూడోసారి ట్యాంకు, ఫిల్టరు, లైట్లు అన్నీ అమర్చి ఫోన్లో ఫోటో తీసుకెళ్లాను. వేళ్లతో పెద్దది చేసి చూశాడు, మా బ్యాంకులో లోన్ కాగితాలు మేము చూసినట్టు. "ఎండ కాచుకునే రాయి మీద ఎంత ఉంది?" అన్నాడు. 28 డిగ్రీలు. 32 నుంచి 35 ఉండాలి, దీపం కిందకి దించండి అన్నాడు. తర్వాత "తిత్లీ తుపాను అప్పుడు మీ ఇంట్లో కరెంటు ఎన్ని రోజులు లేదు?" అని అడిగాడు. 2018 అక్టోబరు మన జిల్లాలో ఎవడు మర్చిపోతాడండీ, ఉద్దానం కొబ్బరితోటలన్నీ పడుకున్నాయి. ఫిల్టరు ఆగిపోతే ఏం చేస్తారని ఆయన ప్రశ్న. రోజూ సగం నీళ్లు తీసి, క్లోరిన్ పోయేలా ముందురోజు పట్టి ఉంచిన నీళ్లు పొయ్యాలి, మేత తగ్గించాలి. ఇది ఏ వీడియోలోనూ నాకు కనపడలేదు, తుపాను దారిలో బతికేవాడికే తడుతుంది.

మళ్లీ ఉత్త చేతులే. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు కోపం వచ్చింది. డబ్బులిచ్చి సరుకు కొనుక్కోవడానికి ఈ ఇంటర్వ్యూ ఏటిరా బాబూ అనుకుంటూ మెట్లు దిగాను.

నేను అక్కడ గడిపిన ఆ మూడు రోజుల్లో వేరే గిరాకీలు కూడా చూశాను. ఒకాయన వాస్తుకి నక్షత్ర తాబేలు కావాలన్నాడు, ఎంతైనా ఇస్తానన్నాడు. "శ్రీకూర్మం వెళ్లి దండం పెట్టుకోండి బాబూ, అక్కడ బోలెడు" అని పంపించేశాడు. అది వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, ఇంట్లో దొరికితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. రామచిలుక అడిగిన ఆవిడకీ అదే మాట, మన దేశపు చిలకల్ని పంజరంలో పెట్టడమే నేరం, సంతలో దొరుకుతున్నాయి కదా అంటే సంతలో దొరికినంత మాత్రాన తప్పు ఒప్పు అయిపోదు. బడ్జీలు, కాకటీల్స్ అనే చిన్న చిలకలైతే ఏ గొడవా లేదు, మనం లవ్ బర్డ్స్ అనేవి చాలావరకు ఆ బడ్జీలే. సన్ కోన్యూర్ చిలక, ఇగువానా, బాల్ పైథాన్ పాము లాంటి విదేశీ రకాలకి మాత్రం 2024లో వచ్చిన రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి, చేతులు మారినా అందులో ఎక్కించాలి. బిల్లు ఇస్తాను, పోర్టల్ సంగతి తర్వాత చూసుకుందాం అనే షాపు నుంచి వెంటనే మెట్లు దిగిపోండి.

పాములు ఈయన పెట్టడు. "తప్పించుకుందంటే వీధిలో కర్రలు లేస్తాయి మాస్టారూ, అది విషం లేనిదని ఎవడు ఆగి చూస్తాడు" అన్నాడు.

ఇగువానా ఒకటుంది, అమ్మకానికి కాదు. ఎవరో వేలంత పిల్లప్పుడు కొని, శాకాహారి జంతువుకి కోడిగుడ్డు, చికెన్ పెట్టి, లైటు లేకుండా ఏడాది పెంచి, ఇక మా వల్ల కాదని ఇచ్చి వెళ్లిపోయారట. కింది దవడ పక్కకి వంగిపోయి నోరు సరిగ్గా మూయలేదు. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తుంది. ముల్లంగి ఆకుల్ని సన్నగా తరిగి ఆయనే ఒక్కో ముక్క నోటి దాకా పెడుతుంటే, నాలుక చాపి అతికించుకుని మెల్లగా లోపలికి లాక్కుంటోంది. ఇగువానా కావాలని వచ్చిన ప్రతి కుర్రాణ్నీ ముందు దీని దగ్గరికి తీసుకెళ్తాడు. అమ్మకం ఎంత పోతుందో ఆయనకే తెలియాలి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటిగంటకి మూస్తే ఐదింటికి గానీ తెరవడు, ఫోన్ ఎత్తడు. సామాన్లు ఆన్‌లైన్ కంటే ఎక్కువ రేటే, నా ఫిల్టరుకి నాలుగు వందలు ఎక్కువ పడింది. బండి పెట్టుకోవడానికి చోటు లేదు. గుమ్మం దగ్గర బడ్జీల పంజరం కిక్కిరిసి ఉంది, అది మాత్రం నాకు నచ్చలేదు, ముఖం మీదే చెప్పాను, పండగ సీజనండీ అన్నాడు. పండగైతే పక్షులకేటి? అందుకే ఐదుకి నాలుగే ఇస్తున్నాను. ఇంకా, మాటలు మొదలుపెడితే ఆపడు, పది నిమిషాల పని అనుకుని వెళ్తే గంట.

అప్పటికి మూడు వారాలైంది, ఒకరోజు ఆయనే ఫోన్ చేశాడు. వైజాగ్ ట్రాన్స్‌ఫర్ అయిన ఒక కుటుంబం తమ స్లైడర్‌ని తెచ్చి ఇచ్చేసిందట, చిప్ప పదకొండు సెంటీమీటర్లు, ఆరోగ్యంగా ఉంది. పెంచలేకపోతే వెనక్కి తెమ్మని ఆయన అందరికీ చెప్తాడు, డబ్బు తిరిగివ్వడు గానీ జంతువుని తీసుకుంటాడు. లేకపోతే జనం ఏం చేస్తారు, నాగావళిలోనో గుడి కోనేట్లోనో వదిలేసి పుణ్యం చేశామనుకుంటారు. ఇదేమో మన దేశపు జీవి కాదు, ప్రపంచంలో అతి చెడ్డ చొరబాటు జాతులని వంద లెక్క కడితే అందులో ఇదొకటి, మన తాబేళ్ల తిండీ చోటూ లాగేసుకుంటుంది. తెచ్చిన దాన్ని కూడా వెంటనే ఇవ్వలేదు, నెల రోజులు వెనక గదిలో విడిగా, విడి వల, విడి బకెట్‌తో ఉంచి అప్పుడు పిలిచాడు. ఎంత అంటే, "దీనికి నేను డబ్బులెట్టలేదు కదా, మీ దగ్గరేటి తీసుకుంటాను" అన్నాడు. మేత డబ్బా ఒకటి కొన్నాను. కాల్షియం కోసం కటిల్ బోన్ (కటిల్ ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లో ఉండే తెల్ల చిప్ప) అడిగితే అదీ అమ్మలేదు, కళింగపట్నం బీచ్‌లో ఒడ్డుకి కొట్టుకొస్తాయి, ఏరుకొచ్చి ఉప్పు పోయేలా నానబెట్టి ఎండలో పెట్టుకోండి అన్నాడు. ఆదివారం మేమూ, మా చెల్లి వాళ్లూ వెళ్లి నాలుగు ఏరుకొచ్చాం.

ఇప్పుడు ఎనిమిది నెలలు. మొన్న మా అమ్మాయి స్కేలు పెట్టి కొలిస్తే పదమూడు దాటింది, చిప్ప రాయిలా ఉంది, మా అమ్మ మళ్లీ పసుపు, కుంకుమ మొదలుపెట్టింది, ఈసారి ట్యాంకు అద్దానికి బయటవైపు. ఫోటో తీసి ఓనరుకి పంపాను. బాగుందనీ లేదు, బొమ్మా లేదు. ఒకటే మెసేజి: "ట్యూబు మీద తారీఖెంత మాస్టారూ?"