పాత విండోస్‌పై శాన్ ఆండ్రియాస్: మోడ్ లోడర్‌ను ఏళ్ల తరబడి వాడిన తరువాత

2005లో పీసీకి వచ్చిన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్’ను నేను ఇప్పటికీ విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్‌లోనే ఆడుతున్నాను. మోడ్‌లను, అంటే ఆటలో కొత్త కార్లు వంటి మార్పులు తేవడానికి అభిమానులు తయారుచేసే ఫైళ్లను, మోడ్ లోడర్ అనే ఉచిత సాధనం ద్వారా వేసుకుంటాను. ఇంతకాలం వాడాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. మోడ్ పనిచేయలేదని మనం విసుక్కునే సందర్భాలలో చాలావరకు లోపం ఆ మోడ్‌లో ఉండదు. ఫైలు ఒకచోట చేరితే, ఆట మరొకచోట వెతుకుతూ ఉంటుంది.

ఇందుకు పెద్ద కారణం ఆటను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఇన్‌స్టాల్ చేయడమే. విండోస్ విస్టా నుంచి ఆ ఫోల్డర్‌లో రాయడానికి సాధారణ ప్రోగ్రాములకు అనుమతి లేదు. అయితే అంతకుముందరి విండోస్ ఎక్స్‌పీ కాలం నాటి ఎడిటర్లు (ఆట ఫైళ్లను మార్చే టూల్స్) ఆగిపోకూడదని విండోస్ ఒక సర్దుబాటు చేసింది: అవి రాసే ఫైలును గుట్టుగా యూజర్ ఫోల్డర్‌లోని వర్చువల్‌స్టోర్‌కు మళ్లించి, అంతా సవ్యంగా జరిగినట్లే చూపుతుంది. కాబట్టి పాత టూల్‌తో, కార్ల వంటి నమూనాలు ఉండే జీటీఏ3.ఐఎంజీ అనే ఆట ఫైలులో కొత్త కారును చేర్చినప్పుడు, మారేది అసలు ఫైలు కాదు, వర్చువల్‌స్టోర్‌లో తయారైన దాని నకలు. ఆటను మామూలుగా తెరిస్తే ఆ నకలే చదువుతుంది గనుక కారు కనిపిస్తుంది. ఎవరో చెప్పారని ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ నొక్కి తెరిస్తే ఈ మళ్లింపు వర్తించదు గనుక అసలు ఫైలునే చదువుతుంది, కారు మాయమవుతుంది. అదే ఫోల్డర్, అదే ఆట, రెండు రకాల ఫలితాలు! విండోస్ 7లో ఆట ఫోల్డర్ తెరిచినప్పుడు పైన ‘కంపాటిబిలిటీ ఫైల్స్’ అనే బటన్ కనిపిస్తే, మీ ఫైళ్లు అలా దారి మళ్లాయని అర్థం. ముందు ఆ నకళ్లను తొలగించండి. తరువాత ఆటను డి డ్రైవ్‌లోనో, సి డ్రైవ్‌లో విడిగా తెరిచిన ఫోల్డర్‌లోనో పెట్టుకుంటే ఈ చిక్కు మళ్లీ రాదు.

ఆ ఫోల్డర్ పేరు ఇంగ్లీషు అక్షరాలలోనే ఉండాలి. తెలుగు లిపికి విండోస్‌లో యూనికోడ్ తప్ప, పాత ప్రోగ్రాములు వాడే ఏఎన్ఎస్ఐ తరహా కోడ్‌పేజీ (అక్షరాలకు సంఖ్యలు కేటాయించే పట్టిక) లేదు; 2005 నాటి ప్రోగ్రాములకు మన అక్షరాలు ప్రశ్నార్థకాలుగానే అందుతాయి.

తరువాత చూడవలసినది ఆట వెర్షన్. హాట్ కాఫీ వివాదం (ఆటలో దాచి ఉంచిన అశ్లీల దృశ్యాలు బయటపడిన గొడవ) తరువాత విడుదలైన 1.01, 2.0 వెర్షన్లలోనూ, స్టీమ్ ప్రతిలోనూ మెమరీ చిరునామాలు (ఆట కోడ్‌లో ఏ భాగం మెమరీలో ఎక్కడ ఉంటుందో చెప్పే సంఖ్యలు) మారిపోయాయి. పాత మోడ్‌లలో అధిక భాగం 1.0 చిరునామాలను నేరుగా ఉద్దేశించి రాసినవి కావడం వల్ల, వేరే వెర్షన్‌పై వేస్తే ఆట తెరుచుకోకముందే మూతపడుతుంది. నా దగ్గరున్నది 1.0 డిస్కు కనుక ఈ బాధ తప్పింది. లేనివారు ముందు తమ ఆటను 1.0కు డౌన్‌గ్రేడ్ చేసుకోక తప్పదు.

ఇక మోడ్ లోడర్ విషయానికి వస్తే, దాని గొప్పతనమంతా అసలు ఫైళ్లను ముట్టుకోకపోవడంలోనే ఉంది. ఏఎస్‌ఐ లోడర్ (ఆట మొదలైనప్పుడు మోడ్ లోడర్ వంటి ప్లగిన్లను తెరిచే చిన్న ఫైలు) ముందుగా ఉండాలి. ఆపై మోడ్‌లోడర్ ఫోల్డర్‌లో ఒక్కో మోడ్‌కు ఒక్కో సబ్‌ఫోల్డర్ చేసి, డీఎఫ్ఎఫ్ (ఆకృతులు), టీఎక్స్‌డీ (వాటిపై రంగులు, బొమ్మలు) ఫైళ్లను అందులో వేస్తే చాలు; ఐఎంజీ ఎడిటర్‌తో పని లేదు. రెండు మోడ్‌లు, వాహనాల నడక తీరును నిర్ణయించే హ్యాండ్లింగ్.సీఎఫ్‌జీ ఫైలులో వేర్వేరు వాహనాల వరుసలను మారిస్తే, రెంటినీ తానే కలుపుతుంది. ఆట కుప్పకూలితే, మోడ్ లోడర్ లాగ్ ఫైలు (ఏమేం జరిగిందో అది రాసిపెట్టుకునే ఫైలు) చివరి వరుసలను చదివి, అనుమానం కలిగిన సబ్‌ఫోల్డర్‌ను బయటకు తీసి చూస్తాను. తిరిగి ఇన్‌స్టాల్ చేసే అవసరం దాదాపు ఉండదు, నా దృష్టిలో ఈ ఒక్క సౌకర్యం మిగతా అన్నింటినీ మించినది. దీనికి తోడుగా, ఆటలోని లోపాలను సరిచేసే సైలెంట్‌ప్యాచ్ అనే మోడ్‌ను కూడా తప్పక వేసుకోవాలి.

ఎక్స్‌పీలో వర్చువల్‌స్టోర్ లేదు గనుక ఆ గందరగోళమూ లేదు, కానీ అక్కడి ఇబ్బందులు వేరు. ‘నాట్ ఎ వ్యాలిడ్ విన్32 అప్లికేషన్’ అన్న సందేశం వచ్చినంత మాత్రాన ఫైలు పాడైందని అనుకోనక్కరలేదు. దానిని కొత్త విండోస్ కోసమే కంపైల్ చేసి ఉండవచ్చు. ఆర్కైవ్ తెరుచుకోకపోతే, అది ఆర్‌ఏఆర్5 పద్ధతిలో కుదించినదేమో చూడాలి. 2013కు ముందరి విన్‌ఆర్‌ఏఆర్‌కు ఆ పద్ధతి తెలియదు. డైరెక్ట్‌ఎక్స్ (ఆటల గ్రాఫిక్స్‌కు విండోస్ వాడే భాగం)కు చెందిన డీ3డీఎక్స్9_43.డీఎల్ఎల్ లేదన్న ఫిర్యాదుకు మందు 2010 జూన్ నాటి డైరెక్ట్‌ఎక్స్ ప్యాకేజీయే. ఆ ఒక్క ఫైలును ఎక్కడినుంచో తెచ్చి అతికించడాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

కారు వింతగా నడుస్తోందనో, ఈత మరీ నెమ్మదించిందనో మోడ్‌ను తిట్టే ముందు ఫ్రేమ్ లిమిటర్ (సెకనుకు చూపే ఫ్రేముల సంఖ్యకు హద్దు పెట్టే ఆట సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది ఆఫ్‌లో ఉంటే ఇలాంటి వింతలు వస్తాయి.

మోడ్ లోడర్‌కు హద్దులూ ఉన్నాయి. మిషన్లను నడిపే స్క్రిప్ట్ ఫైలు మెయిన్.ఎస్‌సీఎంను పూర్తిగా మార్చే పెద్ద మోడ్‌ల విషయంలో ఫైళ్లు ఎంత శుభ్రంగా వేరుపడి ఉన్నా, పాత సేవ్‌లు కొత్త స్క్రిప్ట్‌తో పొసగవు. లోడ్ చేయబోతే ఆట కూలిపోతుంది. అటువంటివాటికి నేను ఆట ఫోల్డర్ మొత్తాన్ని నకలు తీసి, డాక్యుమెంట్స్‌లోని సేవ్ ఫైళ్లను వేరే చోట దాచి, ఆ నకలులోనే వేసుకుంటాను. నాలుగున్నర గిగాబైట్లకు పైగా చోటు పోయినా, పాత ఆట అలాగే మిగులుతుంది.