స్పీడోమీటర్ కేబుల్‌కి ఒక స్టార్ ఇచ్చి తిట్టా, ఇప్పుడు నాలుగు చేస్తున్నా

ఈ కేబుల్‌కి ఇంతకు ముందు ఒక్క స్టార్ ఇచ్చి, బిగించిన తొమ్మిదో రోజే తెగింది, శుద్ధ దండగ, ఎవరూ కొనకండి అని రాశా. అది తీసేసి మళ్ళీ రాస్తున్నా, ఎందుకంటే తప్పు కేబుల్‌ది కాదు, సగం మీటర్‌ది సగం నాది. కంపెనీ పేరు చెప్పను గానీ పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకి దొరికే మామూలు కేబులే, లోపల తిరిగే తీగ (ఇన్నర్), దాని పై తొడుగు (ఔటర్) రెండూ కలిపి వచ్చేది.

అసలు కథ ముందు నుంచి చెప్తా. పొద్దున్నే బండి తీస్తే డాష్‌బోర్డు వెనక నుంచి కీచుకీచుమని సౌండ్, పది నిమిషాలు పోతే అదే ఆగిపోయేది, నేనూ పాత బండి కదా ఏదో ఒకటి అరుస్తుంది లే అని వదిలేశా. తర్వాత ముల్లు ఊగడం మొదలైంది, 30 దగ్గర ఉండాల్సింది 20కీ 50కీ మధ్య డాన్స్. ఒకరోజు సున్నా మీద పడుకుంది ఇక లేవలేదు, కిలోమీటర్ల అంకెలు కూడా ఆగిపోయాయి. విప్పి ఇన్నర్ లాగితే సగమే చేతికొచ్చింది, మీటర్ వైపు కొసకి నాలుగు వేళ్ళ దూరంలో తెగి ఉంది. కొత్తది కొన్నా, మళ్ళీ ఎండిపోకూడదని కింద నుంచి పై దాకా గ్రీజు దట్టంగా పట్టించి బిగించా, చాలా గొప్ప పని చేశా అనుకున్నా.

తొమ్మిది రోజులకి మళ్ళీ తెగింది, అదీ సరిగ్గా అదే చోట. అప్పుడైనా బుర్ర వెలగాలి కదా, వెలగలేదు, ముందు రివ్యూ రాసి కసి తీర్చుకున్నా. రెండు వేర్వేరు కేబుళ్ళు ఒకే చోట తెగాయంటే పై నుంచి ఏదో పట్టేస్తోందని చెప్పింది మీటర్లు రిపేర్ చేసే ఒక పెద్దాయన. తెగిన ముక్క నలుచదరం కొసని మీటర్ వెనక బెజ్జంలో పెట్టి వేళ్ళతో తిప్పమన్నాడు. అది తిరగాల్సిన తీరు ఏంటంటే అసలు చేతికి బరువే తెలియకూడదు, నాది మాత్రం జిగురులో తిప్పినట్టు బిర్రుగా ఉంది. లోపల బుష్ (ఇరుసు తిరిగే చిన్న గొట్టం) ఎండిపోయి పాత గ్రీజు బంకలా గట్టిపడింది. చక్రాలతో పాటు తిరిగే కింది గేరు ఇన్నర్‌ని తిప్పుతూనే ఉంటుంది, పైన మీటర్ కదలనంటుంది, మధ్యలో నలిగేది పాపం కేబులే.

ఇక గ్రీజు సంగతి. ఇన్నర్ అంటే స్ప్రింగులా చుట్టిన సన్నటి తీగల పొరలు, అది తిరుగుతుంటే గ్రీజుని మర మీద ఎక్కించినట్టు మెల్లగా పైకి తోసేస్తుంది. మీటర్ లోపల ఉండేది ఒక అయస్కాంతం, దాని చుట్టూ తగలకుండా ఒక అల్యూమినియం గిన్నె, గిన్నెకి ముల్లూ సన్నటి స్ప్రింగూ (1902లో ఒట్టో షుల్జే అనే జర్మన్ ఇంజనీర్ పేటెంట్ చేసిన ఐడియా, అప్పటి నుంచి పెద్దగా మారలేదు). ఆ సందులోకి గ్రీజు చేరితే గిన్నెని అంటుకుని లాగేస్తుంది, ముల్లు ఉన్నదానికంటే ఎక్కువ స్పీడ్ చూపిస్తుంది. అందుకే పలచగా రాయాలి, పై కొస జానెడు వదిలేయాలి. ఇది ఆ ప్యాకెట్ మీద ఒక్క ముక్క రాస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

మీదీ ఆగిపోతే కొనే ముందు అంకెలు చూడండి. కిలోమీటర్లు తిరుగుతూ ముల్లు కదలకపోతే కేబుల్ బాగానే ఉన్నట్టు, ఎందుకంటే అంకెల్ని గేర్లు నేరుగా తిప్పుతాయి, ముల్లుకి మాత్రమే అయస్కాంతం కావాలి. రెండూ చచ్చిపోతే కేబుల్ గానీ కింద గేరు గానీ. కేబుల్ పై కొస విప్పి ఒకరిని బండి మెల్లగా తొయ్యమనండి, ఇన్నర్ తిరగకపోతే బయటికి లాగి చూడండి, ముక్కలు కాకుండా ఒకటిగా వచ్చిందంటే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక చక్రాలకి ఇంజిన్ బలాన్ని పంచే పెట్టె) దగ్గర ఉండే పినియన్, అంటే కేబుల్‌ని తిప్పే ఆ చిన్న ప్లాస్టిక్ గేరు పళ్ళు అరిగాయేమో చూసుకోవాలి. అక్కడి సీల్ పోతే ఆయిల్ కూడా కేబుల్ పట్టుకుని పైకి పాకుతుంది. మీటర్ ఒక్కదాన్నే టెస్ట్ చేయాలంటే తెగిన ముక్కని డ్రిల్లింగ్ మెషిన్‌కి బిగించి స్లోగా తిప్పొచ్చు, పాత అమెరికన్ మైళ్ళ మీటర్లు చాలావరకు నిమిషానికి 1000 చుట్లకి 60 చూపిస్తాయి, జపాన్ లెక్క కిలోమీటర్ల మీటర్ అయితే 637 చుట్లకి 60. ముల్లు లేవకపోతే డ్రిల్ రెండో వైపు తిప్పండి. నా మీటర్ శుభ్రం చేశాక ఇలాగే చూశా, ముల్లు ఊగకుండా నిలబడింది.

ఇప్పుడు కేబుల్ గురించి. అదే కంపెనీది రెండోది తెప్పించి వేశా, మూడు నెలలైంది, బురదలో దించా నీళ్ళలో దించా, ముల్లు స్థిరంగా ఉంది. కొసలు సరిగ్గా కూర్చున్నాయి, నట్టు మర చేత్తోనే ఎక్కింది, పానా పట్టే పని రాలేదు. ఇన్నర్‌ని బల్ల మీద దొర్లించి చూశా, ఎక్కడా ఎగరలేదు, ఎగిరిందంటే లోపల మెలిక ఉన్నట్టే, అలాంటిది వేస్తే ముల్లు జన్మంతా ఊగుతుంది.

పొడవు మాత్రం ఒరిజినల్ కంటే జానెడు ఎక్కువ. సస్పెన్షన్ లేపిన నా బండికి అది వరమే, పాత కేబుల్ ఎప్పుడూ లాగి కట్టినట్టు ఉండేది. మామూలు ఎత్తు బండికి అయితే మిగిలిన పొడవుని పెద్ద వంపుగా తిప్పాలి, మడిచి కుక్కితే మళ్ళీ అదే గొడవ, సైలెన్సర్ పైపుకి మాత్రం దూరంగా పోనివ్వండి, వేడికి ఔటర్ కరిగి లోపల గ్రీజు ఎండిపోతుంది.

ఇంకొకరు ఇక్కడ ఈ కేబుల్ వేస్తే స్పీడ్ తక్కువ చూపిస్తోందని రాశారు. మీరు టైర్లు మార్చారా అండీ? 28 అంగుళాల టైరు తీసి 31ది వేస్తే మీటర్ 60 అన్నప్పుడు బండి 66 మీద ఉంటుంది, దానికి పినియన్ మార్చాలి, కేబుల్ ఏం చేస్తుంది.

కోసిన ఒక స్టార్ రబ్బరు బూటుకి. ఇంజిన్ గదికీ క్యాబిన్‌కీ మధ్య రేకు బెజ్జంలో కూర్చోవాల్సింది వదులుగా ఉంది, మొదటి వాగులోనే నీళ్ళు కాళ్ళ మీదికొచ్చాయి. పాత బూటు పారేయకుండా ఉంచా కాబట్టి సరిపోయింది, అదే తీసి తొడిగా.