పాత షెవ్రొలే వి8కి గేర్ రిడక్షన్ స్టార్టర్: కొనే ముందు పళ్ళు లెక్కపెట్టండి

షెవ్రొలే స్మాల్ బ్లాక్ ఇంజిన్‌ను విప్పి పూర్తిగా ఓవర్‌హాల్ చేయించాక పాత స్టార్టర్ మోటారు తన చోట కూర్చోకపోవడం తరచుగా కనబడే చిక్కు. టెక్సస్‌లో మా 1979 నాటి సి10 ట్రక్కు విషయంలో అదే జరిగింది. దానికోసం కొన్న గేర్ రిడక్షన్ మినీ స్టార్టర్ (లోపలి గేర్లతో మోటారు వేగాన్ని తగ్గించి తిప్పే బలాన్ని పెంచే చిన్న స్టార్టర్) ఏ సమస్యను తీర్చిందో, ఏది దానివల్ల తీరదో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. అమెరికాలో పాత ట్రక్కులు కొని సొంత చేతులతో బాగుచేసుకుంటున్న మన తెలుగువాళ్ళకు ఇది అక్కరకు రావాలని నా కోరిక.

ముందు అసలు కారణం తెలియాలి. ఈ ఇంజిన్లకు రెండు రకాల ఫ్లెక్స్‌ప్లేట్లు (క్రాంక్‌షాఫ్టు వెనుక బిగించే పళ్ళ చక్రాలు, స్టార్టర్ తిప్పేది వీటినే) వచ్చాయి: 153 పళ్ళతో 12.75 అంగుళాల వ్యాసం ఉన్నది ఒకటి, 168 పళ్ళతో 14 అంగుళాల వ్యాసం ఉన్నది మరొకటి. చిన్నదానికి వాడే స్టార్టర్ ముక్కు భాగంలో రెండు బోల్టు రంధ్రాలు ఒకే వరుసలో ఉంటాయి. పెద్దదానికి వాడే స్టార్టర్‌లో అవి ఏటవాలుగా ఉంటాయి. కొన్ని బ్లాకులకు (ఇంజిన్ ప్రధాన లోహ భాగాలకు) రెండు అమరికలకూ సరిపడా మూడు రంధ్రాలు ఉంటాయి గాని, అన్నిటికీ ఉండవు. ఇంజిన్ పని చేసిన వర్క్‌షాపు మాకు మార్పిడి కింద ఇచ్చిన బ్లాకుకు ఒకే వరుసలోని రెండు రంధ్రాలే ఉన్నాయి, దానికి బిగించిన ఫ్లెక్స్‌ప్లేటు 153 పళ్ళది. మా పాత స్టార్టరేమో 168 పళ్ళదానికి చేసినది. ఒక బోల్టు ఎక్కింది, రెండోదానికి బ్లాకులో రంధ్రమే లేదు. ఈ మార్పు గురించి బిల్లులో ఒక్క ముక్క కూడా రాయకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇలాంటప్పుడు స్టార్టర్ ముక్కును గ్రైండర్‌తో అరగదీయమనీ, రంధ్రాన్ని కాస్త సాగదీయమనీ సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. దయచేసి ఆ పని చేయవద్దు. పినియన్‌కూ (స్టార్టర్ కొసనున్న చిన్న గేరు) రింగు గేరుకూ (ఫ్లెక్స్‌ప్లేటు అంచున ఉన్న పళ్ళ వలయం) మధ్య దూరం తప్పితే పళ్ళు అరిగిపోతాయి, ముక్కు పగిలే ప్రమాదమూ ఉంది. గేర్‌బాక్సు కింద ఉన్న రేకు మూత విప్పి, రింగు గేరులో ఒక పంటికి సుద్దగుర్తు పెట్టి, ఇంజిన్‌ను చేత్తో తిప్పుతూ పళ్ళు లెక్కపెట్టడమే సరైన మొదటి అడుగు. ఫ్లెక్స్‌ప్లేటునే మార్చాలనుకునేవారు మరొకటి గమనించాలి: 1986 నుంచి వచ్చిన, క్రాంక్‌షాఫ్టు వెనుక ఆయిల్ కారకుండా ఆపే సీలు ఒకే ముక్కగా ఉన్న ఇంజిన్లలో క్రాంక్‌షాఫ్టు అంచు మీది బోల్టుల వలయం వేరు, బ్యాలెన్స్ బరువు కూడా వేరు, కాబట్టి పాతదీ కొత్తదీ ఒకదానికొకటి పనికిరావు.

ఇక కొన్న వస్తువు గురించి. దీని అల్యూమినియం బిగింపు దిమ్మెలో వరుస రంధ్రాలూ ఏటవాలు రంధ్రాలూ రెండూ ఉన్నాయి. పైగా మోటారును దిమ్మె చుట్టూ కావలసిన కోణానికి తిప్పి బిగించుకోవచ్చు. నా దృష్టిలో దీని విలువంతా ఆ ఒక్క ఏర్పాటులోనే ఉంది. బండితో వచ్చిన పాత డెల్కో మోటారుతో పోలిస్తే ఇది చాలా తేలిక. ట్రక్కు కింద వెల్లకిలా పడుకుని ఒక చేత్తో పైకి ఎత్తిపట్టి రెండో చేత్తో బోల్టు ఎక్కించవలసిన మనిషికి ఆ తేడా బాగా తెలుస్తుంది. ఒళ్ళు చిన్నది కావడంతో సైలెన్సర్ గొట్టానికి కాస్త ఎడంగా ఉంటుంది. వేడెక్కిన ఇంజిన్‌ను ఆపి వెంటనే మళ్ళీ తిప్పినప్పుడు పాత మోటారులా మొరాయించడం లేదు.

బిగింపులో మాత్రం ఓపిక కావాలి. కొత్తగా రంగు వేసిన బ్లాకు మీద స్టార్టర్ ఆనే చోట రంగును పూర్తిగా గీకేయాలి, ఎందుకంటే మోటారుకు ఎర్తు అందేది ఆ లోహం ద్వారానే. మామూలు బోల్టులు కాక, మెడ దగ్గర గరుకు గీతలున్న స్టార్టర్ బోల్టులనే వాడాలి. మోటారును కదలకుండా సరైన చోట నిలబెట్టేవి అవే. బిగించాక శబ్దం వినండి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడే, అంటే ఇంకా అంటుకోకముందే, సన్నగా కూత వస్తే పళ్ళ మధ్య సందు ఎక్కువైందని అర్థం, షిమ్ (స్టార్టర్‌కూ బ్లాకుకూ మధ్య పెట్టే పలుచని రేకు) తీసేయాలి. ఇంజిన్ అంటుకుని తాళం వదులుతున్న క్షణంలో కూత వస్తే సందు తక్కువైంది, షిమ్ చేర్చాలి. మాకు పలుచని షిమ్ ఒకటి పడింది, ఆపైన శబ్దం శుభ్రంగా ఉంది. ఇంత ముఖ్యమైన సంగతి పెట్టెలోని కాగితంలో రెండు వాక్యాలకు కుదించేశారు. బొమ్మలు వేసి విడమరచి చెప్పి ఉండవలసింది.

మరో లోపం కూడా ఉంది. పాత డెల్కో సొలినాయిడ్ (స్టార్టర్‌కు కరెంటు అందించే విద్యుత్ స్విచ్చి) మీద ఉండే "ఆర్" టెర్మినల్ దీనికి లేదు. మాది హెచ్‌ఈఐ అనే, పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కావడంతో ఇబ్బంది కలగలేదు గాని, పాయింట్లూ (ఇగ్నిషన్‌లో తెరుచుకుని మూసుకునే కాంటాక్టులు), కాయిల్‌కు వెళ్ళే వోల్టేజీని తగ్గించే బల్లాస్టు రెసిస్టరూ ఉన్న అంతకు ముందరి బండ్లలో స్టార్టర్ తిరిగేటప్పుడు కాయిల్‌కు పూర్తి వోల్టేజీ అందించేది ఆ తీగే. అలాంటివారు వేరే రిలే పెట్టించుకోవాలి, లేదా ఆ టెర్మినల్ ఉన్న మోడల్ వెతుక్కోవాలి. బ్లాకుకు మూడు రంధ్రాలూ ఉండి, పళ్ళ సంఖ్యకు తగిన పాత మోటారు మంచి స్థితిలోనే ఉన్నవారికైతే దీనిమీద ఖర్చు పెట్టమని నేను చెప్పను. బుష్‌లూ బ్రష్‌లూ మార్పించి దాన్నే వాడుకోవచ్చు.