రీల్‌లో చూసి పట్టుచీర కొనేవారు ఒకసారి ఇది చదవండి

వరలక్ష్మీ వ్రతానికి మా వదినగారికి పోచంపల్లి పట్టుచీర పెట్టాలనుకుని, ఇన్‌స్టాగ్రామ్‌లో మగ్గం వీడియోతో కనిపించిన ఒక ప్రకటనను నమ్మి 2,499 రూపాయలకు కొన్నాను. వచ్చింది పాలిస్టర్ బట్ట మీద ఇక్కత్ నమూనా అచ్చువేసిన చీర. ఆ డబ్బు పోవడం ఒక ఎత్తు, దాన్ని రాబట్టుకోబోయి ఇంకా పెద్ద మొత్తం పోగొట్టుకోబోవడం మరో ఎత్తు. పేజీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఈపాటికి అది పేరు మార్చుకునే ఉంటుంది.

ఆ ప్రకటన నా ఫోనులోకి ఊరికే రాలేదు. అంతకు వారం ముందు నుంచి నేను పట్టుచీరల వీడియోలు చూస్తూ, ఒకటి రెండు దుకాణాల వెబ్‌సైట్లలో ధరలు కూడా చూసుకున్నాను. మనం లైక్ కొట్టకపోయినా, ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగామో ఆ యాప్ లెక్క పెట్టుకుంటుంది. చాలా వెబ్‌సైట్లలో ఉండే, ఇన్‌స్టాగ్రామ్ యజమాని అయిన మెటా వారి చిన్న కోడ్, మనం అక్కడ ఏ వస్తువు చూశామో కూడా చేరవేస్తుంది. ఆపైన మన తెర మీద ఆ చోటు కోసం ప్రకటనదారుల మధ్య క్షణంలో వేలం జరుగుతుంది. అందులో ఎవరు ఎంత కడతారన్నదే కాక, మనం నొక్కే అవకాశం ఎంత ఉందన్నది కూడా చూస్తారు. చీర నిజంగా మగ్గం మీద నేసినదేనా అన్నది మాత్రం ఆ వేలానికి పట్టదు. ప్రకటన మీద ఉండే ‘స్పాన్సర్డ్’ అన్న మాటకు వారు డబ్బు కట్టారని అర్థం, ఎవరో పరీక్షించి పూచీ పడ్డారని కాదు. నేనేమో, మనసులో ఉన్న చీరే కళ్ల ముందుకు వచ్చేసరికి అమ్మవారే చూపించిందనుకున్నాను.

పార్సిల్ తెచ్చిన అబ్బాయి డబ్బు కట్టనిదే విప్పనివ్వలేదు. విప్పి తిరగేసి చూస్తే వెనుక వైపు రంగు వెలవెలబోతోంది. పోచంపల్లి ఇక్కత్‌లో పోగులకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, ఆ తరువాత నేస్తారు కనుక రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కొద్దిగా చెదిరినట్లు కనిపిస్తాయి. ఒక పోగు కాల్చి చూశాను. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద కావాలి, ఇది కరిగి పూసలా గట్టిపడింది.

కోపంతో ఆ పేజీ కింద నా ఆర్డరు నంబరుతో సహా కామెంటు పెట్టాను. నేను చేసిన అసలు తప్పు ఇదే. అరగంటలో, ఆ పేజీ బొమ్మే పెట్టుకున్న మరో ఖాతా నుంచి ‘కస్టమర్ కేర్’ పేరుతో సందేశం వచ్చింది. ఎంతో మర్యాదగా క్షమాపణ చెప్పి, డబ్బు వాపసుకు ఒక యాప్ వేసుకోమన్నారు. అది మన ఫోను తెరను అవతలివారికి చూపించే యాప్ అని నాకు తెలియదు. తరువాత క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి యూపీఐ పిన్ నొక్కితే డబ్బు జమవుతుందన్నారు. పక్కనే ఉన్న మా అబ్బాయి, “అమ్మా, డబ్బు రావడానికి పిన్ ఎందుకు?” అని ఫోను లాక్కోవడంతో బయటపడ్డాను. పిన్ అడిగారంటే మన ఖాతాలోంచి డబ్బు పోతున్నట్లే. మరునాటికి నా కామెంటు లేదు, నన్ను బ్లాక్ చేశారు కూడా. ఆ పేజీ నిండా మెచ్చుకోళ్లే ఎందుకు ఉన్నాయో అప్పుడు అర్థమైంది.

కొనే ముందు ఆ ఖాతా పేజీలో మూడు చుక్కలు నొక్కి, ‘అబౌట్ దిస్ అకౌంట్’ తెరవండి. అది ఎప్పుడు మొదలైందో, ఏ దేశం నుంచి నడుస్తోందో, ఇదివరకు ఎన్ని పేర్లు మార్చిందో చాలా ఖాతాలకు అక్కడ కనిపిస్తుంది. మన దేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ఆన్‌లైన్‌లో అమ్మేవారు తమ చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు ఇవ్వాలి. వాట్సాప్ నంబరు ఒక్కటే ఉంటే అక్కడే ఆగిపోండి. అసలైన పట్టని తెలిపే సిల్క్ మార్క్, చేనేత అని తెలిపే హ్యాండ్లూమ్ మార్క్ ముద్రలు ఉన్నాయేమో అడగండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, నేను తీయలేదు. ఖాతాలోంచి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి, ఎందుకంటే అవతలివారు దాన్ని వేరే ఖాతాలకు మళ్లించేలోపు అయితేనే ఆపించే వీలుంటుంది. నాసిరకం సరుకు విషయమైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

నేను 1915లో ఫిర్యాదు నమోదు చేయించాను. పార్సిల్ మీద పంపినవారి పేరు లేదు, ఒక గోదాము చిరునామా మాత్రమే ఉంది. నిన్న రాత్రి అదే మగ్గం వీడియో మరో పేరుతో నా ఫోనులో కనిపించింది. ఈసారి ధర 1,999 రూపాయలు.