జో గార్జరీ ‘సర్’ అన్న చోట: 28 ఏళ్లుగా చదువుతున్న ఒక నవల

చార్ల్స్ డికెన్స్ రాసిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ను నేను మొదట కాలేజీ లైబ్రరీలో, వంద పేజీలకు కుదించిన ప్రతిలో చదివాను. కథ తెలిసింది కానీ, అంతకు మించి ఏమీ తెలియలేదు. పూర్తి పాఠాన్ని 1996లో ఆబిడ్స్‌లో ఆదివారం నాడు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లోంచి ఏరి తెచ్చుకున్నాను. అప్పటి నుంచి నాలుగు సార్లు ఆసాంతం చదివాను, విడి అధ్యాయాలు ఎన్నిసార్లు తిరగేశానో లెక్క లేదు. అట్ట ఊడిపోయి రెండు సార్లు బైండు చేయించుకున్న ఆ పుస్తకం గురించి ఇప్పుడు కొంత అధికారంతోనే మాట్లాడగలననుకుంటాను.

తెలియనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండులో కెంట్ ప్రాంతపు బురద నేలల పక్క ఊళ్లో, తల్లిదండ్రులు పోయిన పిప్ అనే పిల్లవాడు అక్క ఇంట్లో పెరుగుతాడు. ఒక సాయంత్రం శ్మశానంలో ఎదురైన పారిపోయిన ఖైదీకి భయపడి తిండీ, ఆకురాయీ దొంగతనంగా తెచ్చి ఇస్తాడు. తర్వాత మిస్ హవిషామ్ అనే ధనవంతురాలి పాడుబడ్డ ఇంట్లో ఎస్టెల్లా అనే అమ్మాయి అతని మొరటు చేతులనూ ముతక బూట్లనూ వెక్కిరించగానే, తన బతుకు మీద తనకే సిగ్గు పుడుతుంది. కొన్నేళ్లకు ఎవరో అజ్ఞాత దాత డబ్బుతో లండన్ వెళ్లి పెద్దమనిషి అవుతాడు. 23వ ఏట, గాలివాన రాత్రి, ఆ దాత మిస్ హవిషామ్ కాదనీ, ఆనాటి ఖైదీ మాగ్విచ్ అనీ తెలుస్తుంది. ఇంత తెలిసిపోయాక కూడా నవల చదవడానికి మిగిలే ఉంటుంది, ఎందుకంటే దాని బలం రహస్యంలో లేదు.

నా దృష్టిలో ఆ బలమంతా జో గార్జరీలో ఉంది. జో ఊరి కమ్మరి, పిప్ అక్క మొగుడు, అంటే మన లెక్కలో బావ. ఈ వరస పట్టుకున్న తెలుగు పాఠకుడికి, ఇంగ్లీషు వ్యాఖ్యాతలు పేజీల కొద్దీ వివరించే స్నేహం ఒక్క మాటలో అర్థమవుతుంది. ఇరవై ఏళ్లకు పైగా పెద్దదైన ఆ అక్క, తమ్ముణ్ణి ‘చేత్తో పెంచాను’ అని ఊరంతా చెప్పుకుంటుంది. తల్లిపాలు లేని బిడ్డకు పోతపాలు పట్టి పెంచడాన్ని ఆ రోజుల్లో అలా అనేవారు. ఆ చెయ్యి బరువు వీపుకు తెలిసిన పిప్ మాత్రం దానికి వేరే అర్థం చెప్పుకుంటాడు. ఆ చేతి దెబ్బలు బావకూ తప్పవు. ఒకే ఇంట్లో ఒకే మనిషికి భయపడే బావా బావమరుదుల పొత్తు అది. పిప్ అతణ్ణి ‘జో’ అని పేరు పెట్టే పిలుస్తాడు. మన ఇళ్లలో ఎవరైనా బావను అలా పిలిస్తే వీపు చిట్లుతుంది కానీ, అక్కడి పద్ధతి అది.

27వ అధ్యాయంలో జో లండన్ వస్తాడు. వస్తున్నాడని ఉత్తరం అందినప్పుడు, డబ్బిచ్చి అతణ్ణి రాకుండా ఆపగలిగితే ఆపేసేవాణ్ణని పిప్ ఒప్పుకుంటాడు. జో మెట్లెక్కుతూ మిగతా అంతస్తుల తలుపుల మీద పేర్లన్నీ చదువుకుంటాడు, గుమ్మం దగ్గర చాపకు కాళ్లు తుడుచుకుంటూనే ఉంటాడు. టోపీని తెచ్చి నిప్పుగూడు అంచు మీద పెడితే అది మాటిమాటికీ జారిపడుతుంది, అతను ఎగిరి పట్టుకుంటాడు, మళ్లీ అక్కడే పెడతాడు. చివరికి అది కడుగు నీళ్ల గిన్నెలో పడుతుంది. నా ప్రతిలో ఈ పేజీ పక్కన 1996లో పెన్సిల్‌తో ‘భలే నవ్వొచ్చింది’ అని రాసుకున్నాను. ఆ టోపీ వెనక, జో నోట మొదటిసారి వచ్చిన ‘సర్’ అనే మాటను నేను అప్పుడు గమనించనే లేదు. పేరు పెట్టో, ‘ఓల్డ్ చాప్’ అనో పిలిచే మనిషి ఉన్నట్టుండి ‘సర్’ అంటాడు. పిప్ చిరాకు పడతాడు తప్ప, ఆ మాట తన గదీ, తన బట్టలూ, తన మొహమూ కలిసి పుట్టించిందని అప్పుడు ఒప్పుకోడు. వెళ్లే ముందు జో, మనిద్దరం లండన్లో కలిసి ఉండదగిన మనుషులం కాము, నన్ను చూడాలనిపిస్తే కొలిమి కిటికీలోంచి తల పెట్టి చూడు, అక్కడ నేను సరిగ్గా కనిపిస్తాను అనే అర్థంలో నాలుగు మాటలు చెప్పి, కోపం లేకుండా వెళ్లిపోతాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. నేను చదువుకున్నది అక్కా బావల ఇంట్లో. మా అక్క పిప్ అక్క లాంటిది కాదు, చెయ్యెత్తిన రోజు లేదు. బావకు సైకిల్ షాపు ఉండేది. నేను ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు, మేనకోడలి పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి ఆయన నేరుగా ఆఫీసుకు వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక నన్ను ‘ఏరా’ అని తప్ప పిలవని మనిషి, ఫైళ్ల మధ్య నన్ను చూసి, ‘సార్ పనిలో ఉన్నట్టున్నారు, మళ్లీ వస్తాలెండి’ అన్నాడు. బావ కదా, వేళాకోళమే అనుకుని నవ్వేశాను. పక్క సీటాయనకు ఆయన్ని పరిచయం చేశానో లేదో గుర్తు లేదు. గుర్తు లేదంటే చెయ్యలేదనే అనుకోవాలి. 2007లో నవల రెండోసారి చదువుతూ 27వ అధ్యాయం దగ్గరకు వచ్చాక, ఆ మాట వేళాకోళం కాకపోవచ్చునన్న అనుమానం మొదలైంది.

57వ అధ్యాయంలో పిప్ అప్పుల పాలై, జ్వరంతో మంచాన పడతాడు. జో వచ్చి సేవ చేస్తాడు. పిప్‌కు ఒంట్లో శక్తి లేనంత కాలం అతని నోట పాత పిలుపులే వినిపిస్తాయి, బండి దాకా పసిపిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తీసుకువెళతాడు. పిప్ కోలుకుంటున్న కొద్దీ ఒకటీ అరా ‘సర్’లు మళ్లీ తొంగిచూడటం మొదలవుతుంది. ఒక ఉదయం లేచి చూస్తే జో ఉండడు. చిన్న ఉత్తరం, దాంతో పాటు నగల వర్తకుడికి పిప్ బాకీపడ్డ 123 పౌండ్ల 15 షిల్లింగుల 6 పెన్నీలకు చెల్లు రసీదు ఉంటాయి. ఇంతకన్నా పొదుపుగా ఒక సంబంధం తెగడాన్నీ, తెగకపోవడాన్నీ ఒకేసారి చూపించిన పేజీలు నేను చదివినవాటిలో చాలా తక్కువ.

లోపాలు లేవని అనను. యాదృచ్ఛికాలు మరీ ఎక్కువ: ఎస్టెల్లా ఎవరి కూతురో, మిస్ హవిషామ్‌ను మోసగించినవాడు ఎవరో తెలిసేసరికి, లండన్లో మొత్తం పది మందే ఉంటారా అనిపిస్తుంది. ఎస్టెల్లా నాలుగో చదువులో కూడా నాకు మనిషిగా కంటే మంచు బొమ్మగానే కనిపించింది. పిప్‌కు చిన్నప్పుడు చదువు నేర్పిన ఊరి పిల్ల బిడ్డీకి దక్కవలసినన్ని పేజీలు దక్కలేదు. మాగ్విచ్ ఆస్ట్రేలియాలో గొర్రెల పెంపకంతో కూడబెట్టిన డబ్బు గురించీ, చివర్లో పిప్ పొట్టపోసుకునే కైరో కొలువు గురించీ డికెన్స్ ఒక్క ప్రశ్న కూడా వేసుకోడు, వలస పాలన చవిచూసిన దేశపు పాఠకుడికి అది గుచ్చుకుంటుంది. అయితే మాగ్విచ్‌తో కలిపి 32 మంది ఆడా మగా ఒకేసారి మరణశిక్ష విన్న కోర్టు దృశ్యం చదివాక ఈ ఫిర్యాదులు కాసేపు నోరు మూసుకుంటాయి.

నడుమ భాగం సాగుతుందని మొదటి రెండు సార్లూ విసుక్కున్నాను. ఈ నవల అసలు పుస్తకంగా పుట్టలేదు. డికెన్స్ తన వారపత్రిక ‘ఆల్ ది ఇయర్ రౌండ్’లో వేరొకరి సీరియల్ వల్ల అమ్మకాలు పడిపోతుంటే నిలబెట్టడానికి 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా 36 వారాలు దీన్ని నడిపాడు. అందుకని ఈసారి నేనూ వారానికి ఒకటి రెండు అధ్యాయాల చొప్పున, 59 అధ్యాయాలను నెలల తరబడి చదివాను. విసుగు మాయమైంది. మన వారపత్రికల సీరియళ్ల కోసం గురువారాలు ఎదురుచూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా నేర్పనక్కర్లేదు.

కొనేవారు రెండు ముగింపులూ ఉన్న ప్రతిని కొనాలి. డికెన్స్ మొదట రాసిన ముగింపులో పిప్, మళ్లీ పెళ్లయిన ఎస్టెల్లాను లండన్ వీధిలో ఒక్క నిమిషం కలిసి విడిపోతాడు. మిత్రుడు బుల్వర్ లిటన్ సలహా మీద దాన్ని మార్చి, ఇద్దరినీ మిస్ హవిషామ్ పాత ఇంటి శిథిలాల్లో చెయ్యి చెయ్యి పట్టుకుని నడిపించాడు. నేను మొదటిదాని పక్షం.

కిందటి సంవత్సరం 57వ అధ్యాయంలోంచి ఒక పేజీ తెనిగించబోయాను. పిలుపులు ‘ఏరా’ అని రాయడానికి క్షణం పట్టలేదు. ‘సర్’ దగ్గర ఆగిపోయాను. ‘సార్’ అంటే ఆఫీసు వాసన వేసింది, ‘బాబుగారూ’ అంటే జో జీతగాడైపోయాడు, ‘అండీ’ అంటే మరీ మామూలుగా జారిపోయింది. చివరికి ఏ పిలుపూ లేకుండా, క్రియలను మాత్రం ‘లే’ నుంచి ‘లేవండి’కి, ‘తాగు’ నుంచి ‘తాగండి’కి మార్చి చూశాను. అది బావకు ఫోన్లో చదివి వినిపించాను. ఆయన కాసేపు ఊరుకుని, ‘ఇంతకీ ఆ కుర్రాడు తర్వాత ఊరెళ్లాడా లేదా?’ అని అడిగాడు.