మాట్లాడొద్దన్న మూడు వారాలు, ఐదు ఆడియోబుక్కులు

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. ఇరవై రెండేళ్లుగా తెర మీద ఎవరివో పెదాలు కదులుతుంటే నా గొంతు ఇస్తున్నాను. పోయిన ఏడాది నా స్వరతంతువుల మీద నాడ్యూల్స్ (చిన్న గడ్డలు) వచ్చాయి. సర్జరీ అయ్యాక డాక్టరు గారు మూడు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నారు. గుసగుసగా కూడా వద్దు, దాంతో గొంతు ఇంకా చెడుతుందన్నారు. ఇంట్లో పలక మీద రాసి చూపించేదాన్ని. మా అమ్మాయి నా ఫోన్లో ఒక ఆడియోబుక్ యాప్ పెట్టి, తను కాలేజీలో చదివిన అమెరికా నల్లజాతి రచయితల పేర్లు ఆ పలక మీదే రాసిచ్చింది. "చదవడం కాదమ్మా, వీళ్లని వినాలి" అంది. అలా విన్నవే ఈ ఐదు పుస్తకాలు. సాహిత్య విమర్శ చేసేంత చదువు నాకు లేదు. గొంతు గురించి మాత్రం చెప్పగలను.

మొదట విన్నది మాయా ఏంజెలో ఆత్మకథ 'ఐ నో వై ద కేజ్‌డ్ బర్డ్ సింగ్స్'. 1969లో వచ్చిన పుస్తకం, చదివింది ఆవిడే, దాదాపు పది గంటలు. అర్కన్సా రాష్ట్రంలో స్టాంప్స్ అనే చిన్న ఊరు. అక్కడ నాయనమ్మ కొట్టు నడుపుతుంది, ఆవిడ దగ్గర పెరుగుతున్న ఇద్దరు పిల్లలు. ఈ కథలో మౌనం ఉందని నాకు ముందు తెలియదు. తల్లితో ఉండే మనిషి ఎనిమిదేళ్ల పిల్ల మీద అత్యాచారం చేస్తాడు. పిల్ల వాడి పేరు చెబుతుంది. కొద్ది రోజులకే వాడు హత్యకు గురవుతాడు. తన నోటి మాటే ఒక మనిషిని చంపిందనుకుని ఆ పిల్ల దాదాపు ఐదేళ్లు మాట్లాడడం మానేస్తుంది.

అది విన్న రోజు నాకు మౌనం నాలుగో రోజు. నా మూడు వారాల్ని ఆ ఐదేళ్ల పక్కన పెట్టే సాహసం చేయను. కానీ ఆ పిల్లను ఇంటికి పిలిచి పుస్తకాలిచ్చే మిసెస్ ఫ్లవర్స్ ఒక మాట చెబుతుంది. కాగితం మీద ఉన్నదే మాట కాదనీ, దానికి లోతు రావాలంటే మనిషి గొంతు కావాలనీ. ఆ మాట విని యాప్ ఆపేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇరవై రెండేళ్లు చేసిన పని ఏమిటో నాకు ఎవరూ అలా చెప్పలేదు. చెబుతున్నది ఎవరు? ఒకప్పుడు గొంతు మూసుకున్న ఆ పిల్లే, పెద్దదై, ఆ గొంతుతోనే చదువుతోంది. అచ్చులో ఇది దొరకదు.

ఏంజెలో రచయిత్రి కాకముందు క్లబ్బుల్లో పాడేవారు, నాట్యం చేసేవారు. చదివేటప్పుడు ఆ శిక్షణ తెలిసిపోతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆవిడకి తెలుసు. జో లూయిస్ బాక్సింగ్ పోటీని కొట్టులోని రేడియోలో ఊరంతా వినే అధ్యాయం ఉంది. రేడియోలో కామెంటేటర్ చెప్పే పోటీ ఒకటి, కొట్టులో మనుషులు బిగబట్టిన ఊపిరి ఒకటి, రెండూ ఆవిడ గొంతులోనే నడుస్తాయి. జో లూయిస్ దెబ్బలు తింటున్నప్పుడు కింద పడబోయేది ఒక్క మనిషి కాదు, మొత్తం జాతి. చివరికి గెలుస్తాడు. ఆ గెలుపు తర్వాత కూడా దూరం ఊళ్లవాళ్లు ఆ రాత్రి అక్కడే ఉండిపోతారు. నల్లవాడు గెలిచిన రాత్రి నల్లవాళ్లు ఒంటరి రోడ్డు మీద నడవడం క్షేమం కాదు కాబట్టి. ఆ ముక్కని ఆవిడ గొంతు పెంచకుండా, మామూలుగా చెప్పేసి వెళ్లిపోతారు. మా స్టూడియోల్లో ఇలాంటి చోట "కొంచెం ఎమోషన్ పెంచండి మేడం" అంటారు. పెంచకపోతే ఎంత బరువు వస్తుందో ఇక్కడ వినండి.

రెండోది టోనీ మారిసన్ నవల 'బిలవెడ్'. ఇది కూడా ఆవిడే చదివారు. నిజం చెప్పాలంటే మొదటి గంటలో మానేద్దామనుకున్నాను. గొంతు చాలా కింద ఉంటుంది, దాదాపు గుసగుస. వాక్యం చివర పడిపోతుంది. నా చెవికి అలవాటైన లెక్క ప్రకారం ప్రతి పేజీకీ రీటేక్ అడగాలి. తర్వాత తెలిసింది, తప్పు ఆవిడది కాదు, నా ఫోన్ సెట్టింగులది. నేను వాడిన యాప్‌లో మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని కత్తిరించే ఆప్షన్ ఒకటి ఉంది, సమయం ఆదా అవుతుందని. అది ఆన్‌లో ఉంది, పైగా స్పీడు 1.25. ఈ రెండూ తీసేసి మళ్లీ మొదటినుంచి విన్నాను. ఆవిడ ఆగే చోట్లు తిరిగి వచ్చాయి. వాటితో పాటు కథా వచ్చింది.

1856లో మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ కెంటకీ నుంచి గడ్డకట్టిన ఒహాయో నదిని దాటి పారిపోయింది. పట్టుబడినప్పుడు బిడ్డను మళ్లీ బానిసత్వానికి అప్పగించలేక తన చేతులతోనే చంపుకుంది. నవలకు బీజం ఆ సంఘటనే. దీన్ని గట్టిగా చదవలేం. ఇంట్లో ఎవరో నిద్రపోతుంటే పక్కన కూర్చుని చెప్పినట్టు చెప్పాలి, ఆవిడ అలాగే చెప్పారు. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. కాలం ముందుకీ వెనక్కీ పోతుంది, ఎవరు మాట్లాడుతున్నారో తెలియని పేజీలున్నాయి. వంట చేస్తూ వినే పుస్తకం కాదు. నేను లైట్లు తీసేసి, పడుకుని విన్నాను. కొన్ని అధ్యాయాలు రెండేసి సార్లు.

ఇక అన్నిటికన్నా పెద్దది, ఇరవై రెండు గంటలకు పైగా సాగేది, ఇసబెల్ విల్కర్సన్ రాసిన 'ద వార్మ్త్ ఆఫ్ అదర్ సన్స్'. 2010లో వచ్చింది, చదివింది రాబిన్ మైల్స్. 1915 నుంచి 1970 వరకు దాదాపు అరవై లక్షల మంది నల్లజాతి వాళ్లు అమెరికా దక్షిణాది వదిలి ఉత్తరానికీ పడమటికీ వలసపోయారు. ఆ చరిత్ర కోసం రచయిత్రి పన్నెండు వందల మందికి పైగా మనుషులతో మాట్లాడి, చివరికి ముగ్గురి వెంట నడిచారు. మిసిసిపీలో పత్తి తీసే కూలీ ఐడా మే గ్లాడ్నీ 1937లో బయల్దేరి చివరికి షికాగో చేరింది. ఫ్లోరిడాలో నారింజ తోటల కూలీలకు మంచి రేటు కోసం నిలబడ్డ జార్జ్ స్టార్లింగ్ ప్రాణభయంతో 1945లో న్యూయార్క్ వెళ్లాడు. 1953లో లూసియానా నుంచి లాస్ ఏంజెలెస్‌కు కారులో ఒంటరిగా వెళ్లిన డాక్టర్ రాబర్ట్ ఫోస్టర్ మూడో మనిషి.

ఆ ఫోస్టర్ ప్రయాణం వింటుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఆరిజోనాలో రాత్రి, కళ్లు మూతపడుతున్నాయి, మోటెల్ తర్వాత మోటెల్ మర్యాదగానే గది లేదంటుంది. దక్షిణాది దాటేశాననుకున్న మనిషి అతను. రాబిన్ మైల్స్ ఇక్కడ ఏడుపు తేరు. మొదటి మోటెల్ దగ్గర అతని గొంతులో ఉన్న హుందాతనం తర్వాతి చోట్ల కొంచెం కొంచెంగా తరుగుతుంది, అంతే. ఎక్కడ తరిగిందో పట్టుకోవాలని ఆ భాగం మూడుసార్లు విన్నాను. పట్టుకోలేకపోయాను. ఒక డబ్బింగ్ ఆర్టిస్టుగా ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు నా దగ్గర లేదు. నల్లవారిని వేరుగా ఉంచే దక్షిణాది చట్టాల వివరాలు కూడా అలాంటి నిబ్బరంతోనే చదువుతారు. కోర్టులో ప్రమాణానికి తెల్లవారికి ఒక బైబిల్, నల్లవారికి వేరే బైబిల్ ఉండేదని విన్నప్పుడు, చదివే గొంతు వణకలేదు గానీ నా చేతిలో పలక వణికింది.

పుస్తకం పొడుగే, చెప్పిన సంగతే మళ్లీ చెప్పిన చోట్లూ ఉన్నాయి. రోజుకు గంటన్నర చొప్పున విన్నాను కాబట్టి ఆ పునరుక్తి నాకు ఉపయోగపడింది. ఒకే బిగిన వినేవాళ్లకు విసుగు రావచ్చు.

ఇక్కడే ఈ ఆడియోబుక్కులన్నిటిలో నాకు లోటనిపించింది చెప్పాలి. పాట పేరు వస్తుంది, పాట రాదు. ఆ వలస లేకపోతే ఇవాళ మనం వింటున్న అమెరికా సంగీతం సగం ఉండేది కాదు. మోటౌన్ అనే రికార్డుల సంస్థ పెట్టిన బెర్రీ గోర్డీ తల్లిదండ్రులు జార్జియా నుంచి డెట్రాయిట్ వచ్చినవాళ్లు. సాక్సోఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ ఉత్తర కరోలినాలో పెరిగి ఫిలడెల్ఫియా చేరినవాడు. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ మిసిసిపీలో తోట పని చేస్తూ గిటార్ వాయించేవాడు. 1943లో షికాగో వెళ్లాడు. అక్కడి క్లబ్బుల గోలలో మామూలు గిటార్ వినపడదు, అందుకే ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడు. ఇవన్నీ చెవితో తేల్చుకోవాల్సిన సంగతులు. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. సంగీతకారుడి పేరు వినగానే ఆడియోబుక్ ఆపి, ఆయన రికార్డు ఒకటి విని, మళ్లీ పుస్తకంలోకి వెళ్లేదాన్ని. మడ్డీ వాటర్స్‌వి 1941లో తోటలో ఉండగానే చేసిన రికార్డింగులు ఉన్నాయి. అవి విని, వెంటనే షికాగో పాటలు వినండి. వలస అంటే ఏమిటో ఆ రెంటి మధ్య వినపడుతుంది. డాక్టర్ ఫోస్టర్ తర్వాత గాయకుడు రే చార్ల్స్‌కు వైద్యుడయ్యాడు. రే చార్ల్స్ పాడిన ఒక పాటలో ఆ డాక్టర్ పేరు ఉంది. ఆరిజోనా రాత్రి తర్వాత ఆ పాట వింటే కలిగేది మామూలు సంతోషం కాదు.

ఈ లోటు అన్నిటికన్నా తీవ్రంగా తగిలింది నల్లజాతి మేధావి డు బోయిస్ 1903లో రాసిన 'ద సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్'లో. అచ్చు పుస్తకంలో ప్రతి అధ్యాయం ముందూ ఒక పద్యం, దాని కింద బానిసల భక్తిగీతాల నుంచి ఒక వరస స్వరలిపిలో ఉంటాయి. ఆ పాటల్ని ఆయన దుఃఖగీతాలన్నారు. నేను విన్నది వాలంటీర్లు చదివిన ఉచిత రికార్డింగు. పద్యం చదివి, స్వరలిపి దాటేసి, వ్యాసంలోకి వెళ్లిపోయారు. చదివిన మనుషుల శ్రమకు దండం పెడతాను, కానీ పుస్తకం సగం ప్రాణం ఆ వరసల్లోనే ఉంది. చివరి అధ్యాయం మొత్తం ఆ పాటల మీదే. ఆయన చదువుకున్న ఫిస్క్ యూనివర్సిటీ విద్యార్థులే 1871లో బృందంగా బయల్దేరి, ఆ పాటలు పాడి, కాలేజీని నిలబెట్టే డబ్బు తెచ్చారు. ఎవరైనా ఆ వరసలు పాడించి మళ్లీ రికార్డు చేస్తే మొదటి కాపీ నేను కొంటాను. అప్పటిదాకా దీన్ని అచ్చులోనే చదవండి.

చివరగా, నాకు అన్నిటికన్నా దగ్గరైంది, అన్నిటికన్నా చిన్నది, 'బరకూన్'. నాలుగు గంటలకు అటూ ఇటూ. దీన్నీ రాబిన్ మైల్సే చదివారు. పడవ ఎక్కించే ముందు బందీలను కుక్కి ఉంచే కొట్టాన్ని బరకూన్ అంటారు. 1808 నుంచే అమెరికాలోకి బానిసల్ని తేవడం చట్టవిరుద్ధం. అయినా 1860లో క్లోటిల్డా అనే ఓడ నూటికి పైగా మనుషుల్ని ఆఫ్రికా నుంచి అలబామాకు దొంగతనంగా తెచ్చింది. వాళ్లలో ఒకడు కొసోలా. అమెరికాలో అతన్ని కజో లూయిస్ అన్నారు. ఈ పుస్తకం రాసిన జోరా నీల్ హర్స్టన్ 1927లో అతని దగ్గరికి వెళ్లేనాటికి అతనికి ఎనభై దాటాయి. ఆవిడ అతని ఆఫ్రికా పేరుతో పిలవగానే ముసలాయన కరిగిపోతాడు. కొన్ని రోజులు మాట్లాడతాడు, కొన్ని రోజులు పొమ్మంటాడు. ఆవిడ పీచ్ పళ్లో, పుచ్చకాయో తెచ్చి, అతనితో కలిసి తిని, ఏమీ అడక్కుండా వెళ్లిపోతుంది.

ఆవిడ అతని మాటను అతని యాసలోనే రాసింది. యాస తీసేసి మామూలు ఇంగ్లీషులో రాయమని ప్రచురణకర్తలు అడిగారు. ఆవిడ ఒప్పుకోలేదు. పుస్తకం అచ్చవలేదు. హర్స్టన్ 1960లో చనిపోయారు. పుస్తకం 2018లో వచ్చింది.

ఈ సంగతి నాకెందుకు గుచ్చుకుందో చెప్తాను. నేను ఈ రంగంలోకి వచ్చినప్పుడు మా ఇంటి యాస నా నోట్లో ఉండేది. హీరోయిన్‌కి పనికిరాదన్నారు, పనిమనిషి పాత్రకైతే ఇస్తామన్నారు. రెండేళ్లు అద్దం ముందు కూర్చుని దాన్ని వదిలించుకున్నాను. అది నా ఎదుగుదలలో భాగమనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కొసోలా మాట వింటుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ మాట ఎలా ఉండేదో మళ్లీ నా నోటితో పలకాలనిపించింది, అప్పుడు నాకు పలకకూడదు.

ఆ యాసను కాగితం మీద చదవడం కష్టం. నేను రెండు పేజీలు ప్రయత్నించి చూశాను, ప్రతి మాట దగ్గరా ఆగాల్సి వచ్చింది. చెవిలో పడితే ఆ అడ్డు ఉండదు. మొదటి పది నిమిషాలు స్పీడు 0.9 పెట్టుకోండి, తర్వాత అవసరం ఉండదు. ఎనభై దాటిన మగవాడి మాట ఆడగొంతులో వస్తోందన్న సంగతి నేను కాసేపటికే మరచిపోయాను. పిల్లల్ని ఒక్కొక్కర్నీ పోగొట్టుకున్న భాగంలో ఆవిడ చదివే తీరు వినడం కోసమైనా ఈ పుస్తకం కొనాలి. ఐదింట్లో ఒక్కటే వినే వీలుంటే ఇదే వినండి.

మాట తిరిగొచ్చాక ఒకటి వెతికి చూశాను. హర్స్టన్ 1928లో కొసోలాను కెమెరాతో తీశారు. ఇంటి అరుగు మీద కూర్చుంటాడు, కట్టెలు కొడతాడు. కొద్ది క్షణాల బొమ్మ. దానికి శబ్దం లేదు.